కప్ప కూత వినే ఇద్దరు

అబ్బాయీ,

నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. ఆ పట్టిక చూసేసరికి మాత్రం ఒళ్లు మండింది. ఎడమవైపు టుంగారా కప్ప, కుడివైపు కప్పల్ని తినే ట్రాకాప్స్ గబ్బిలం. ఒకటి ఉభయచరం, ఒకటి క్షీరదం. ఒకటి గుడ్లు పెడుతుంది, ఒకటి పిల్లను కంటుంది. పెళ్లికి జాతకాలు పక్కపక్కన పరిచినట్టుంది! పనామా అడవిలో ఈ రెండూ ఒకే నీటిగుంట దగ్గర తారసపడతాయన్న మాట చివరి పేరాలో, అదీ బ్రాకెట్లలో పెట్టావేం?

వ్యాసం అక్కడే మొదలవ్వాలి. 3 సెంటీమీటర్ల మగకప్ప రాత్రిపూట నీళ్లలో తేలుతూ సాగదీసి కూస్తుంది. ఆడకప్పను పిలవడానికి అది చాలు. పక్కన ఇంకో మగకప్ప పోటీకి దిగితే, కూత చివర 'చక్ చక్' అని తగిలిస్తుంది. ఆడకప్పకు అది మరీ ఇష్టం. గబ్బిలానికీ అంతే. 1980ల తొలినాళ్లలో మైకేల్ రయన్, మెర్లిన్ టటిల్ అనే పరిశోధకులు పనామాలోని బారో కొలరాడో దీవిలో స్పీకర్లు పెట్టి కూతలు వినిపించారు. 'చక్' ఉన్న కూత వైపే గబ్బిలాలు ఎక్కువగా వచ్చాయి. పెళ్లాన్ని తెచ్చే కూతే చావునీ తెస్తుందన్నమాట. ఇది నీ పట్టికలో ఏ గడిలో పడుతుంది?

'వినికిడి' గడిలో గబ్బిలానికి 'అతిధ్వనులు' (మన చెవికి అందని శబ్దాలు; గబ్బిలం వాటిని వదిలి, ప్రతిధ్వని విని దారి చూసుకుంటుంది) అని రాసి చేతులు దులుపుకున్నావు. కప్ప కూతలాంటి తక్కువ పౌనఃపున్యపు శబ్దాలు చాలా గబ్బిలాలకు సరిగా వినపడవు, దీనికి బాగా వినపడతాయి. అసలు విశేషం అదీ. పైగా గబ్బిలం దగ్గరికి రాగానే కప్ప నోరు మూసేసినా, గొంతుసంచి ఉబ్బినప్పుడు లేచిన అలలు నీటి మీద ఇంకాసేపు పాకుతూనే ఉంటాయి. గబ్బిలం తన అతిధ్వనులతో ఆ అలల్ని పసిగడుతుందని 2014లో తేలింది.

పట్టిక పెట్టమని నీకెవరో చెప్పే ఉంటారు. సంపాదకులకు బాక్సులంటే ప్రాణం. నేను రాయడం మొదలెట్టిన రోజుల్లో గబ్బిలాల మీద పెద్ద వ్యాసం పంపితే, ఒకాయన దాన్ని 'మీకు తెలుసా?' ముక్కలుగా కోశాడు. వేట భాగం పిల్లలు భయపడతారని తీసేశాడు. పారితోషికం కూడా ముక్కల లెక్కనే! అద్దె కట్టాలి కాబట్టి నోరు మూసుకుని తీసుకున్నాను. ఇప్పుడైతే వీడియోల పుణ్యమా అని అందరికీ 'టాప్ టెన్' జబ్బు పట్టింది.

పట్టిక తీసేసి గుంట దగ్గర నుంచి మళ్లీ రాయి. గుడ్ల సంగతి వదలక్కర్లేదు. ఆడకప్ప వచ్చాక, నురుగు గూడు కట్టేచోట చెప్పు. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ఈసారి ఫోటోలు పంపకు, నా ఫోన్‌లో తెరుచుకోవడం లేదు.