ఆ ఏడేళ్లు ఎక్కడికి పోయాయి?

తమ్ముడూ,

పారిశ్రామిక విప్లవం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ జేమ్స్ వాట్‌కు 1769లో ఆవిరి ఇంజిన్ మీద పేటెంట్ వచ్చిందని రాసి, ఆ వెంటనే 1776లో ఇంజిన్లు నడిచాయనేశావు. మధ్యలో ఏడేళ్లున్నాయి కదా! నువ్వు రాయాల్సిందంతా అక్కడే ఉంది.

అప్పుల బాధ ఒకటైతే, పనితనం దొరక్కపోవడం ఇంకొకటి. సిలిండర్ లోపలి భాగం సమంగా గుండ్రంగా వచ్చేది కాదు. పిస్టన్ పక్కనుంచి ఆవిరి పోతుంటే సందుల్లో నూనె గుడ్డలు, కాగితాలు, పాత టోపీలు కూడా కుక్కి చూశారు. చివరికి గట్టెక్కించింది ఫిరంగులు తొలిచే పని తెలిసిన జాన్ విల్కిన్సన్. తొలిచే కడ్డీని సిలిండర్‌కు రెండు వైపులా బయటికి వచ్చేలా పెట్టి, రెండు చివర్లా ఆధారం ఇచ్చాడు. కడ్డీ ఊగలేదు, రంధ్రం సాపుగా వచ్చింది. ఆ కడ్డీని పాఠకుడికి చూపించు. ముందు ఒక పూట మీ ఊళ్లో ఏదైనా లేత్ షెడ్డులో కూర్చుని రా.

ఇక డబ్బు సంగతి. ‘బొగ్గు చవక, కూలి ఎక్కువ, అందుకే యంత్రాలు వచ్చాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తప్పు కాదు, కానీ ఇంగ్లండ్ నైరుతి మూలనున్న కార్న్‌వాల్ వైపు చూడు. అక్కడ రాగి, తగరం గనుల్లో నీళ్లు తోడాలి. బొగ్గేమో వేల్స్ నుంచి ఓడల్లో రావాలి. అందుకే వాట్ ఇంజిన్‌కు అక్కడ గిరాకీ. వాట్‌కు ముందు నుంచీ ఉన్న పాత న్యూకామెన్ ఆవిరి ఇంజిన్‌తో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయితే, దాని ఖరీదులో మూడో వంతు వాట్‌కు, ఆయన వ్యాపార భాగస్వామి బౌల్టన్‌కు కట్టేవారు. బొగ్గు గనుల దగ్గర మాత్రం పాత ఇంజిన్లే చాలాకాలం నడిచాయి. అమ్ముడుపోని బొగ్గు పొడి పక్కనే పడి ఉంటే పొదుపు ఎవరిక్కావాలి?

నూలు మిల్లులు పెట్టిన రిచర్డ్ ఆర్క్‌రైట్‌ను మేధావిగా పొగిడావు. ఆయన విగ్గులు చేసిన మంగలి. నూలు యంత్రం తయారీలో జాన్ కే అనే గడియారాల పనివాడు తోడున్నాడు. 1771లో క్రామ్‌ఫర్డ్ మిల్లు పెడుతూ, పళ్ల చక్రాల పని తెలిసినవాళ్లు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. ఇలాంటి పనివాళ్లను వేరే దేశాలు తీసుకుపోకుండా 1719లోనే బ్రిటన్ చట్టం చేసింది. పనివాళ్లు వెళ్లిపోకుండా పెట్టిన కట్టడి 1824 దాకా ఉంది. ఆ చట్టాన్ని కాదని 1789లో నూలు మిల్లు పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ అమెరికా ఓడ ఎక్కాడు, యంత్రాల వివరాలన్నీ తలలో పెట్టుకుని.

వ్యాసం అతనితో మొదలుపెట్టి చూడు. దసరా లోపు పంపితే పండక్కి చదువుతాను.