పాత ప్రెజెంటేషన్ స్లైడ్లను కొత్తదాంట్లో వాడుకునేటప్పుడు నేను చూసుకునేవి

పోయినేడాది శిక్షణ కోసం చేసిన పవర్‌పాయింట్ ఫైల్లోంచి కొన్ని స్లైడ్లు తీసి కొత్తదాంట్లో పెడుతుంటే రంగులు, అక్షరాలు మారిపోతున్నాయని, అసలు పాతవి ఇలా వాడొచ్చా అని మీరు అడిగారు. నిరభ్యంతరంగా వాడండి. నేను తెలంగాణలో సోషల్ టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను. బాగా కుదిరిన పటాన్ని ప్రతిసారీ మళ్ళీ గీసే బదులు ఆ సమయం పాఠం మీద పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

రంగులు మారడానికి కారణం థీమ్, అంటే ఫైలు మొత్తానికి పెట్టే రంగులు, ఫాంట్ల కూర్పు. కాపీ చేసి పేస్ట్ చేస్తే స్లైడ్ మామూలుగా కొత్త ఫైలు థీమ్‌లోకి మారిపోతుంది. పాత రూపమే కావాలంటే పేస్ట్ ఆప్షన్లలో ‘కీప్ సోర్స్ ఫార్మాటింగ్’ ఎంచుకోండి. పాత వెర్షన్లలో హోమ్‌లో న్యూ స్లైడ్ పక్కన ఉండే బాణం నొక్కితే అడుగున ‘రీయూజ్ స్లైడ్స్’ కనిపిస్తుంది, అక్కడా ఇదే సదుపాయం ఉంది. గూగుల్ స్లైడ్స్‌లో అయితే ఫైల్ మెనూలో ‘ఇంపోర్ట్ స్లైడ్స్’. నేను మాత్రం కొత్త థీమ్‌లోకే మార్చుకుంటాను. పాత రూపంతో తెచ్చినప్పుడల్లా దాని స్లైడ్ మాస్టర్ (స్లైడ్లన్నిటి రూపాన్ని నిర్ణయించే మూల నమూనా) కూడా వెంట వస్తుంది. నాలుగైదు ఫైళ్ళ నుంచి అలా తెస్తే మాస్టర్లు పోగుపడి, తర్వాత ఒక్క ఫాంట్ మార్చాలన్నా తలనొప్పి.

తెలుగు స్లైడ్లకు ఇంకో చిక్కు ఉంది. పాత ఫైలు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసిందైతే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు ఇంగ్లీషు గుర్తులు, పిచ్చిగీతలు కనిపిస్తాయి. అలాంటి స్లైడ్ మీద ‘రీసెట్’ బటన్ నొక్కకండి. అది మీరు పెట్టిన ఫాంట్‌ను తీసేసి థీమ్ ఫాంట్ పెడుతుంది, దాంతో మీ కంప్యూటర్‌లోనే అక్షరాలు చెదిరిపోతాయి. ముందు ఆ రాతను యూనికోడ్‌లోకి (ప్రత్యేక ఫాంట్ లేకపోయినా తెలుగు సరిగా కనిపించే పద్ధతి) మార్చుకుని, ఒత్తులు, దీర్ఘాలు ఒకసారి చదివి సరిచూసుకుని, ఆ తర్వాతే కొత్త ఫైల్లోకి తెచ్చుకోండి. కాస్త ఓపిక కావాలి గానీ ఒక్కసారి చేస్తే ఆ స్లైడ్‌తో మళ్ళీ ఈ టెన్షన్ ఉండదు.

నేను ఎక్కువసేపు గడిపేది మాత్రం స్లైడ్‌లో ఉన్న విషయం దగ్గర. మా సబ్జెక్టులో జిల్లాల పటమే తీసుకోండి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. అంటే ఎంత అందంగా గీసిన పటమైనా, ఏ ఏడాదిదో చూడకుండా తెచ్చిపెడితే పిల్లలకు తప్పు చేరుతుంది. టీచర్లు దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని క్లాసులో చూపిస్తారు కదా. అలాగని పాత పటం పనికిరాదనీ కాదు. 2011 జనగణన లెక్కలు పాత 10 జిల్లాల ప్రకారం వేసిన పట్టికలో ఉంటే అది ఇప్పటికీ సరైనదే, కాకపోతే ‘2011 జనగణన, పాత జిల్లాలు’ అని పక్కన రాసి ఉండాలి. అందుకే అంకె ఉన్న ప్రతి స్లైడ్ అడుగునా ఏడాది, ఎక్కడి నుంచి తీసుకున్నది చిన్న అక్షరాల్లో వేస్తాను. మళ్ళీ వాడేటప్పుడు మొదట చూసేది ఆ వరుసే.

శీర్షిక కూడా మార్చాల్సి వస్తుంది. టీచర్ల కోసం ‘ఈ పటాన్ని ఎలా బోధించాలి’ అని పెట్టిన స్లైడ్‌ను ప్రధానోపాధ్యాయుల సమావేశంలో అదే శీర్షికతో చూపిస్తే వాళ్ళకు సంబంధం లేనట్టు ఉంటుంది.

గ్రాఫుల విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఎక్సెల్ గ్రాఫ్‌ను స్లైడ్‌లో ఎంబెడ్ చేసి (లోపలే పొదిగి) ఉంటే దాని వెనకున్న వర్క్‌బుక్ (ఎక్సెల్ ఫైలు) అంతా స్లైడ్‌తో పాటే వెళ్తుంది. మీకు కనిపించేది నాలుగు కడ్డీలే. కానీ ఫైలు అందుకున్నవాళ్ళు ‘ఎడిట్ డేటా’ నొక్కి పిల్లల పేర్లు, మార్కులు ఉన్న మిగతా షీట్లు కూడా చూడగలరు. ఫైలు వాట్సాప్‌లో పంచే ఆలోచన ఉంటే గ్రాఫ్‌ను ‘పిక్చర్’గా పేస్ట్ చేయండి. స్లైడ్ కింద నోట్స్‌లో రాసుకున్నవి కూడా వెంట వస్తాయి, వాటినీ ఓసారి చదవండి. ఫైల్ మెనూలో ఇన్ఫోకి వెళ్ళి ‘ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్’ నడిపితే నోట్స్ అన్నీ ఒకేసారి తీసేయొచ్చు.

పాత ఫైలు 4:3 కొలతలో, కొత్తది 16:9లో ఉంటే బొమ్మల ఆకారం చూసుకోండి. పవర్‌పాయింట్ 2013 నుంచి 16:9 మామూలు కొలత అయింది కాబట్టి అంతకుముందు ఫైళ్ళలో ఇది తరచూ ఎదురవుతుంది. పాత ఫైలుకు ఒక కాపీ తీసి, డిజైన్‌లో ‘స్లైడ్ సైజ్’ మార్చి, బొమ్మలు సర్దుకున్నాక అందులోంచి తెచ్చుకుంటే పని తేలిక.

మీరు తీస్తున్న స్లైడ్లలో వేరే టీచర్ చేసినవి ఉంటే వాళ్ళను అడిగి, స్లైడ్ మీద వాళ్ళ పేరు వేయండి. మావాళ్ళలో ఇంతవరకు కాదన్నవాళ్ళు లేరు. పైగా చాలాసార్లు వాళ్ళే సరిచేసిన కొత్త కాపీ పంపించారు.