తడి టైల్ మీద నేరం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన 42 పేజీల స్క్రిప్టు చదివాను. మాటలు రాయడం నీకు చేతనయింది. మెచ్చుకోలు అంతే, ఇక అసలు సంగతికి వస్తాను. 31వ సీను దగ్గర కాగితాలు బల్ల మీద పడేసి లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఏం చేశావమ్మా అక్కడ? నీ గూఢచారి ముప్పై పేజీల పాటు విలన్‌ని తరిమాడు. పన్నెండో అంతస్తు బాల్కనీలో దొరకబుచ్చుకున్నాడు. చేతిలో పిస్తోలు, నిండా తూటాలు. కాల్చాలా, పట్టుకెళ్లాలా అని నుదుట చెమట. అంతలో విలన్ ఒక్కడుగు వెనక్కి వేశాడు, తడి టైల్ మీద జారాడు, గోడ దాటి కింద పడ్డాడు. పాపం, హీరో చెయ్యి చాచాడు కూడానట, అందలేదట! నడుమెత్తు గోడ దగ్గర కాలు జారినవాడు అక్కడే చతికిలబడతాడు గానీ దాన్ని దూకి అవతల పడడు. నేల మీద నీళ్లు పోసింది నువ్వు. చంపిందీ నువ్వే. హీరోకి తీసుకునే ధైర్యం లేని నిర్ణయాన్ని టైల్ నెత్తిన రుద్దావు.

టీవీ గూఢచారి శత్రువుని తన చేత్తో చంపాలా వద్దా అన్నది పాత పేచీయే. బ్రిటన్‌లో 1960లో 'డేంజర్ మ్యాన్' సీరియల్ మొదలైనప్పుడు అందులో గూఢచారి జాన్ డ్రేక్ వేషం కట్టిన పాట్రిక్ మెగూహన్ పట్టుబట్టాడు: తుపాకి వీలైనంత తక్కువ, ప్రేమాయణాలు వద్దు. జేమ్స్ బాండ్ వేషం తన దగ్గరికొస్తే కాదన్న మనిషి. డ్రేక్ పిడికిలి వాడతాడు, మారుపేర్లు వాడతాడు, నిబ్బరంగా అబద్ధమాడతాడు. చావు అరుదు కాబట్టి, వచ్చినప్పుడు ఆ ఎపిసోడ్ బరువే మారిపోతుంది. అమెరికాలో 1985 నుంచి 1992 దాకా నడిచిన 'మెక్‌గైవర్' హీరోకి తుపాకంటే గిట్టదు. చిన్నప్పుడు తుపాకి పేలి స్నేహితుడు పోయాడని కారణం చూపించారు. అక్కడా నీ జబ్బు కొంత ఉంది. మర్డాక్ అనే కిరాయి హంతకుడు హీరో పేరు అరుస్తూ ఎక్కడి నుంచో పడిపోతుంటాడు, మళ్లీ తయారవుతాడు. కానీ అది చూసేవాళ్లతో ఒప్పందం చేసుకుని ఆడిన ఆట. నువ్వు శవపరీక్ష సీను కూడా రాసి పెట్టావు!

నువ్వు కూర్చుని చూడాల్సింది 'మిషన్: ఇంపాజిబుల్'. సినిమాలు కాదు, 1966 నుంచి 1973 దాకా అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో వచ్చిన 171 ఎపిసోడ్లు. అందులో జిమ్ ఫెల్ప్స్ నడిపే గూఢచారి బృందం చాలా కథల్లో తుపాకి తియ్యదు. తీసే పని శత్రువు సొంత మనుషులకే అప్పజెబుతుంది. ఆ పనితనం నేర్చుకో.

అందుకు ముందుగా విలన్ మీద ఒక పెద్దవాడు ఉండాలి, ద్రోహాన్ని క్షమించని రకం. వాడెలాంటివాడో మొదటి పది నిమిషాల్లోనే ఇంకొకడి మీద చూపించెయ్యాలి. చివర్లో హఠాత్తుగా కాలిస్తే ఎవరూ నమ్మరు. తర్వాత, విలన్ నిజంగానే దాచుకున్నది ఏదో ఒకటుండాలి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. సాక్ష్యమంతా కల్పించి పెడతారు, ఒక్క ఫోన్ కాల్‌తో అది కూలిపోతుంది. మూడొంతులు నిజం ఉండాలి, ఒక వంతే అబద్ధం. విలన్ ఏదో విదేశీ బ్యాంకులో సొంతానికి సొమ్ము దాచుకున్నాడనుకో. అది నిజం. హీరో చేసేదల్లా అదే ఖాతాలో ఆ పెద్దవాడి శత్రువుల సొమ్ము మరికాస్త వేయించడం. "ఈ ఖాతా నీదేనా?" అని పెద్దవాడు అడుగుతాడు. కాదంటే సంతకం ఉంది. ఔనంటే సొమ్ముంది. ఇక వాడు నోరు విప్పినకొద్దీ ఊబిలోకి దిగుతాడు. ఆ కాగితాన్ని ఎవరూ తెచ్చి పెద్దవాడి చేతికివ్వకూడదు, ఇస్తే ఇచ్చినవాడి మీదే అనుమానం. తనే కనిపెట్టాననుకోవాలి. దొరికాక ఆలోచించే వ్యవధీ ఇవ్వకు. తెల్లారేదాకా టైమిచ్చావా, ఎవడో ఒకడు బ్యాంకుకి ఫోన్ చేస్తాడు, ప్లాను మట్టిగొట్టుకుపోతుంది.

అప్పుడు ఆ సీరియల్లో తరచూ కనబడే ముగింపు: బృందం సామాన్లు సర్దుకుని వ్యాన్ ఎక్కుతుంది. లోపల్నుంచి ఒక్క తుపాకి చప్పుడు. వ్యాన్ కదులుతుంది.

నా పట్టుదలంతా ఇక్కడే. ఆ తూటా ఫెల్ప్స్‌దే. భారతంలో ద్రోణుడి తల తెగింది ధృష్టద్యుమ్నుడి కత్తికి. అయినా "అశ్వత్థామ హతః" అని గట్టిగా, "కుంజరః" అని మెల్లగా అన్నందుకు, అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగింది. అంత పనితనమున్న ఆ సీరియల్లో వ్యాన్‌కి ఆ దిగడం లేదు. మరుసటి వారం అదే బృందం ఇస్త్రీ నలగకుండా రావాలి కదా.

మన సంపాదకులేం తక్కువ తిన్నారా? ఒకప్పుడు "హీరో చేతికి నెత్తురంటకూడదు, విలన్‌ని పాముతో కరిపించండి" అనేవాళ్లు. ఇప్పుడు ఓటీటీ ఆఫీసుల్లో కుర్రాళ్లు మొదటి ఎపిసోడ్‌లో ఎన్ని శవాలని అడుగుతున్నారు. నీ స్క్రిప్టు ఇద్దరికీ నచ్చేలా ఉంది. పదకొండు మంది గార్డుల్ని హీరో నడుచుకుంటూ కాల్చేశాడు, ఒక్కడికీ పేరు లేదు. పేరున్నవాడి దగ్గరికొచ్చేసరికి టైల్ తడిసింది.

సరే, 31వ సీను తిరగరాయి. హీరోనే కాల్చాలంటే కాల్పించు, కానీ ఒక్క తూటా. తర్వాత రెండు పేజీలు వదులు: చెవుల్లో హోరు, నేల మీద దొర్లే తూటా గుల్ల, పై ఆఫీసరుకి రాయాల్సిన రిపోర్టులో "ఆత్మరక్షణ" అనే మాట దగ్గర ఆగిన పెన్ను. అది వద్దనుకుంటే, 26వ పేజీలో తీరుబడిగా దిగిన నీ దుబాయ్ పెద్దమనిషిని 6వ పేజీకి లాక్కురా. విలన్‌ని వాడి చేతికే వదులు. 17వ పేజీలో హీరోకి మంచినీళ్లిచ్చిన డ్రైవరున్నాడు చూడు, కూతురి ఫీజు సంగతి చెప్పినవాడు. విలన్ కారు నడిపేది వాడే. పెద్దమనిషి మనుషులు కారు మీద కాల్పులు జరిపితే ఒక్కడే పోడు. హీరోకి ఆ సంగతి ముందే తెలియాలి, తెలిసీ ప్లాను ఆపకూడదు. డ్రైవర్ని కారులోంచి దించాలని నీ చెయ్యి లాగుతుంది. దించకు.

పారితోషికం ఎంత అడగాలన్నావు, ఇంగ్లీషు టైటిల్ పెట్టనా అన్నావు. వాటి జోలికి ఇప్పుడు పోను. ఈసారి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తియ్యి.