మాల్‌ల కెమెరా ఆపిన్రని ఏడ్చిన కోడలికి మామ రాస్తున్నది

కోడలు పిల్లా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, మాల్‌ల గార్డు నీ కెమెరా గుంజుకుని ఫోటోలన్నీ డిలీట్ చేసిండంట, నువ్వు ఆటోల ఏడ్చుకుంట ఇంటికొచ్చినవంట. ముందు అన్నం తిన్నవా? తినకపోతే తిని వచ్చి చదువు, ఇది పొడుగుంటది. ముప్పై ఏండ్లు స్టూడియో నడిపినోన్ని, కెమెరా ముచ్చట పొట్టిగ చెప్పుడు నాతోని కాదు.

మొదలు నీకు నచ్చని మాట చెప్త. ఫోటో తీయొద్దు అనే హక్కు ఆ మాల్‌కు ఉన్నది. "పబ్లిక్ ప్లేసే కదా, అందరూ వస్తరు కదా" అని అమ్మతోని అన్నవంట. అందరూ వచ్చుడు వేరే, అందరిది అయ్యుడు వేరే. పెండ్లికి గేటు తెరిచిన్రని ఫంక్షన్ హాల్ మనదైతదా? ట్యాంక్‌బండ్ మీద నిలబడి బుద్ధుని బొమ్మ తీస్తే ఎవ్వరిని అడిగే పని లేదు, రోడ్ల మీద ఫోటో తీయొద్దని దేశం మొత్తానికి ఒక చట్టం ఏం లేదు (మిలిటరీ బోర్డు ఉన్న జాగలు మాత్రం వదిలెయ్, సికింద్రాబాద్ కంటోన్మెంట్ దిక్కు కెమెరా సంచిల్నే ఉండనియ్). కానీ మాల్, హోటల్, షోరూం, హాస్పిటల్, ఇవి ఓనర్ తన షరతుల మీద మనల్ని రానిచ్చే జాగలు, ఆ షరతు గేటు కాడ బోర్డు మీద ఉండొచ్చు, టికెట్ వెనక చీమలసొంటి అక్షరాలల్ల ఉండొచ్చు, లేకుంటే గార్డు వచ్చి నోటితోని చెప్పొచ్చు.

బోర్డు చూడకుంట ఒక ఫోటో తీసినవ్ అనుకో, అదేం నేరం గాదు. ఆపమన్నంక ఆపకుంటే, బయటికి పొమ్మన్నంక పోకుంట లొల్లి పెట్టుకుంటే అప్పుడు కథ మారుతది, అవతలోళ్లను సతాయించాలనే అక్కడ పాతుకపోయినవ్ అని వాళ్లు ట్రెస్‌పాస్ కేసు దిక్కు పోవచ్చు. పాత ఐపీసీల 447 అనేటోళ్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)ల 329వ సెక్షన్ కిందికి వచ్చింది, మూడు నెలల దాకా జైలు గానీ 5,000 రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ. ఒక్క ఎస్కలేటర్ ఫోటో కోసం అంత అవసరమా చెప్పు. ఆపమంటే ఆపు, సారీ అన్నా అని నవ్వి బయటికి రా.

అయితే ఇప్పుడు నీ దిక్కు మాట్లాడ్త. ఆపమనుడు దాకనే వాళ్ల హక్కు. కెమెరా గుంజుకునుడు, కార్డు తీసుకునుడు, డిలీట్ కొట్టుడు, ఈ మూడిట్ల ఏ ఒక్కటీ గార్డు పని గాదు. వాళ్ల ఏజెన్సీలకు 2005ల ఒక చట్టం వచ్చింది, దాంట్ల లైసెన్సులు, ట్రైనింగు, యూనిఫాం ఎట్లుండాలె అన్నీ ఉన్నయ్ గానీ పోలీసు అధికారం మాత్రం వాళ్లకు ఇయ్యలేదు. కేసుకు సంబంధించిన వస్తువని అనుమానం ఉంటే సీజ్ చేసేది పోలీసాయన, దానికి ఆయనకు బీఎన్ఎస్ఎస్ (పోలీసులు కేసు ఎట్ల నడపాలో చెప్పే చట్టం)ల 106వ సెక్షన్ ఉన్నది, గార్డుకు ఏ సెక్షనూ లేదు.

నాకెందుకింత గట్టిగ యాదికున్నదో తెలుసా, ఒకపారి పెద్ద హోటల్‌ల ఒకళ్ల ఎంగేజ్‌మెంట్ తీసి, బయటికొచ్చేటప్పుడు లాబీల షాండిలియర్ మంచిగున్నదని ఒక్కటంటే ఒక్కటి కొట్టిన. మేనేజర్ ఉరికొచ్చి నా యాషికా వెనక డోర్ తెరిచి రీల్ మొత్తం ఎలుగుకు లాగిపడేసిండు. 36ల 31 తీసి ఉన్నయ్, ఉంగరాలు మార్చుకున్నయ్ అన్నీ దాంట్లనే. ఆ పార్టీకి పైసలు వాపస్ ఇచ్చిన, సంవత్సరం దాకా వాళ్ల గల్లీలకెళ్లి పోలే. నేను ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టలే, ఎందుకంటే సూటు వేసుకున్నోడు చేస్తే అది రూలేమో అనుకున్న. నువ్వు కూడ అట్లనే అనుకున్నవ్ కదా?

ఇగ మళ్ల ఎవరన్న చెయ్యి చాపితే కెమెరా మెడల వేసుకుని, గొంతు పెంచకుంట, "అన్నా, తీసుడు ఆపేసిన, వెళ్లిపోతున్న, కెమెరా మాత్రం ఇయ్య, కావాలంటే పోలీసులను పిలువు, ఇక్కడే నిలబడ్త" అను. నూటికి తొంభైమంది పిలువరు. పిలిస్తే ఇంకా మంచిది, వచ్చినాయన ముందు చూపెట్టు. నీ ఫోటోల ఎవరన్న ఆడామె, చిన్నపిల్లగాడు దగ్గరగ పడి వాళ్లే వచ్చి వద్దన్నరనుకో, అప్పుడు పంతం పట్టకు, వాళ్ల ముంగటనే నువ్వే తీసెయ్. ట్రయల్ రూం, వాష్‌రూం దిక్కు లెన్స్ తిప్పితే మాత్రం ఏ మామా కాపాడడు, ఐటీ చట్టం 66ఈ ఉన్నది, బీఎన్ఎస్ 77 ఉన్నది, 77 కింద మొదటిసారికే జైలు ఒక ఏడాదికి తక్కువ గాదు. నువ్వు చెయ్యవ్ గానీ నిన్నే ఎవడన్న అట్ల తీస్తే గార్డుతోని మాటలు పెట్టుకోకు, సీదా షీ టీమ్స్‌కు (ఆడోళ్లను సతాయించేటోళ్లను పట్టే పోలీసు టీములు) చెప్పు, 2014 నుంచి సిటీల వాళ్ల పని అదే.

అసలు ఆపించుకోకుంట తీసుడు ఎట్లనో చెప్త. మాల్‌ల ఫోన్ పట్టుకున్నోళ్లు వెయ్యిమంది తీసుకుంటుంటరు, ఎవ్వడు చూడడు, నీ పెద్ద లెన్స్ కనవడంగనే గార్డుకు "షూటింగ్" అనిపిస్తది, స్టాండ్ తెరిచినవా ఇగ పక్కా. గార్డును బతిమాలితే ఫాయిదా లేదు, ఊ అంటే ఆయన నౌకరీ పోతది. మేనేజ్‌మెంట్ ఆఫీసు పైన ఎక్కడనో ఉంటది, రెండు రోజుల ముందే పోయి కాలేజీ ఐడీ చూపెట్టి, ఏం తీస్తవో, ఎందుకో, ఎన్ని గంటలో ఒక కాగితం మీద రాసియ్యి, మెయిల్‌ల సరే అని తెప్పించుకో, మంగళవారం పొద్దున షాపులు తెరిచే టైం అడుగు. అమ్ముకునేటందుకు తీస్తే అదే చెప్పు, దాని రేటు వేరే ఉంటది. లాడ్ బజార్‌ల అయితే కాగితం పని లేదు, ముందు రెండు జతల గాజులు కొను, తర్వాత "భాయ్, ఏక్ ఫోటో లేలూఁ?" అను, లైటు కూడ ఆయనే వేస్తడు.

ఒక్కో జాగకు ఒక్కో లెక్క. బిర్లా మందిర్‌ల ఫోన్ కూడ కౌంటర్ల పెట్టి పోవాలె, అంత తెల్ల పాలరాయి చూసుకుంట చేతులు కట్టుకుని నిలబడుడు మనసొంటోళ్లకు శిక్షనే, ఏం జేస్తం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల ఫస్ట్ షోకు పోయి హీరో ఎంట్రీ ఫోన్‌ల పట్టి స్టేటస్ పెడ్తరు చూడు మీ తమ్ముని దోస్తులు, వాళ్లకు చెప్పు, 2023ల సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చిన్రు, సినిమాల ఒక ముక్క కాపీ చేసినా మూడు నెలల నుంచి మూడేండ్ల దాకా జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలైతది.

ఇంకొకటి, దీని మీద ఎవ్వరూ మాట్లాడరు. మాల్ బిల్డింగ్ గానీ దాంట్ల పర్మనెంట్‌గ పెట్టిన శిల్పం గానీ ఫోటో తీస్తే కాపీరైట్ కేసు అని ఎవడన్న బెదిరిస్తే బెదరకు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లనే ఉన్నది, బిల్డింగ్ ఫోటో తీయొచ్చు, పబ్లిక్ ప్లేస్‌ల గానీ పబ్లిక్ వచ్చిపోయే జాగల గానీ శాశ్వతంగ ఉన్న శిల్పం ఫోటో తీయొచ్చు, ప్రింట్ చేయొచ్చు. గోడ మీది పెయింటింగ్ మాత్రం ఆ శిల్పం లైన్‌ల లేదు, చూసుకో. కానీ ఇది కాపీరైట్ ముచ్చటనే, గేటు కాడి షరతు దాంతోని పోదు.

ప్రాక్టీసుకు చౌమహల్లా ప్యాలెస్‌కు పో. అది కూడ ప్రైవేటుదే, నిజాం వారసులది, రిపేర్లు చేసి పబ్లిక్‌కు తెరిచిన్రు, 2010ల యునెస్కో అవార్డు కూడ వచ్చింది. కౌంటర్ల కెమెరా టికెట్ ఎంతని అడుగు, స్టాండ్ నడుస్తదా అని కూడ అక్కడనే అడుగు. ఖిల్వత్ హాల్‌ల షాండిలియర్లు ఉంటయ్, నా హోటల్ షాండిలియర్ వాటి ముందట ఏపాటిది. శుక్రవారం మాత్రం పోకు, బంద్ ఉంటది.

అన్నిటికన్న ముందు, ఆ మెమరీ కార్డు ఇప్పుడే కెమెరాలకెళ్లి తీసి డబ్బాల పెట్టు. దాని మీద ఒక్క ఫోటో కూడ కొట్టకు, ఫార్మాట్ అసలే కొట్టకు. డిలీట్ అంటే పేరు తీసేసినట్టే, కొత్తది వచ్చి దాని మీద కూసునేదాక పాతది లోపల ఉంటది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తోని శానా మట్టుకు లేపొచ్చు. ఆదివారం కార్డు తీసుకుని ఇంటికి రా, నీ ల్యాప్‌టాప్ కూడ తే, నాది మీ అత్త సీరియల్స్‌కు పోయింది.

మీ మామ
చిక్కడపల్లి