బోడీకి వెళ్లొచ్చా? ఆ పాత ఇళ్లను బాగుచేయకుండా అలా ఎందుకు వదిలేశారు?

మీరు రెండు విషయాలు అడిగారు. యోసెమిటీ చూశాక కాలిఫోర్నియా తూర్పు అంచున ఉన్న బోడీ అనే పాత బంగారు గనుల ఊరికి పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లడం తగునా అన్నది మొదటిది. ప్రభుత్వ పార్కు అయ్యుండి కూడా ఇళ్లకు రంగు వేయకుండా, ఒరిగిపోయిన గోడలు నిలబెట్టకుండా ఉంచడం పరిరక్షణ ఎలా అవుతుందన్నది రెండోది.

తప్పకుండా వెళ్లండి. రెండో ప్రశ్నకు జవాబు తెలుసుకుని వెళ్తే ఆ ఊరు ఇంకా బాగా అర్థమవుతుంది. మాది కుప్పం వైపు. మా మేనమామ కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు, కాబట్టి గనుల ఊరంటే నాకు మొదటి నుంచీ ఆసక్తి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి అక్కడికి వెళ్లాం.

1859లో డబ్ల్యూ. ఎస్. బోడీ అనే ఆయనకు అక్కడ బంగారం దొరికింది. పాపం, ఆ చలికాలమే మంచు తుఫానులో చనిపోయాడు. తన పేరుతో వెలిసిన ఊరిని ఆయన చూడనేలేదు. పదిహేనేళ్ల పైచిలుకు అదొక చిన్న మకాం. 1875లో ఒక గని కూలి, లోపలి మేలైన ఖనిజం బయటపడ్డాక జనం ఎగబడ్డారు. స్టాండర్డ్ కంపెనీ ఆ గనిని కొంది. 1880 నాటికి జనాభా పదివేలకు చేరువైందని, దాదాపు 2,000 కట్టడాలు ఉండేవని చెబుతారు.

ఊరు ఉన్నది 8,379 అడుగుల ఎత్తులో. చుట్టూ చెట్టన్నది లేదు. ఇల్లు కట్టాలన్నా, గనిలో ఊతాలు పెట్టాలన్నా, బాయిలర్ మండించాలన్నా కలప బయటి నుంచే రావాలి. అందుకోసం 1881లో మోనో సరస్సుకు దక్షిణాన ఉన్న అడవి నుంచి 32 మైళ్ల రైలు మార్గం వేశారు. ఆ తర్వాత చేసిన పని నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. 1890ల తొలి ఏళ్లలోనే 13 మైళ్ల దూరంలోని గ్రీన్ క్రీక్ దగ్గర నీటితో కరెంటు తయారుచేసి, ఖనిజాన్ని దంచి బంగారం తీసే స్టాండర్డ్ కంపెనీ మిల్లుకు తీగల మీద తెచ్చారు. మలుపు దగ్గర కరెంటు తీగలోంచి బయటికి దూకేస్తుందేమోనని లైను ఎక్కడా వంపు లేకుండా తిన్నగా వేశారని ఒక కథ కూడా ఉంది. మన కోలార్ గనులకు శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. ఆ సంగతి చెప్పగానే నాన్న స్టాండర్డ్ మిల్లు ముందు చాలాసేపు నిలబడిపోయారు. లోపల రాయిని పిండి చేసే ఇనుప రోకళ్లు ఇరవై ఉన్నాయి. అవి రాత్రీ పగలూ దంచుతుంటే ఊరు ఎలా నిద్రపోయేదో అని అమ్మ అంది.

మేలైన ఖనిజం కొద్ది ఏళ్లలోనే తగ్గిపోయింది. జనం వేరే గనులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. సయనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీసే పద్ధతి వచ్చాక పాత దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని కొంత తీయగలిగారు. 1917లో రైలు ఆగింది. 1932 అగ్నిప్రమాదంలో బజారు చాలావరకు కాలిపోయింది. 1942లో యుద్ధం కోసం ప్రభుత్వం బంగారు గనులను మూయించడంతో మిగిలిన గని పని కూడా ఆగిపోయింది. సామాన్లు మోసుకెళ్లే ఖర్చు వాటి విలువ కంటే ఎక్కువ కావడంతో చాలామంది ఉన్నవి ఉన్నట్టే వదిలి వెళ్లారు. బూన్ దుకాణం కిటికీకి ముఖం ఆనించి చూడండి. అరల్లో డబ్బాలు, సీసాలు, వాటి మీద మందంగా దుమ్ము. కొన్ని ఇళ్ల గోడలకు రేకు డబ్బాలను సాగగొట్టి మేకులతో బిగించారు, చలిగాలి దూరకుండా.

ఊరు మిగలడానికి ముఖ్య కారణం జేమ్స్ కెయిన్ కుటుంబం. 1879లో వచ్చి కలప వ్యాపారం చేసిన ఆయన తర్వాత బ్యాంకు నడిపి, ఖాళీ అయిన ఆస్తులను కొంటూ వచ్చాడు. ఆ కుటుంబమే కాపలాదారులను పెట్టింది. 1962లో అది రాష్ట్ర పార్కు అయింది. అప్పుడు ఏ కట్టడం ఏ స్థితిలో ఉందో దాన్ని అలాగే నిలిపి ఉంచాలన్నది పార్కు వాళ్ల నియమం. కొత్తగా చేయకూడదు, కూలనివ్వకూడదు. అది వదిలేయడం ఎంతమాత్రం కాదు. పైకప్పు కారితే చెక్క పలకలు మార్చాలి, పునాది కుంగితే ఎత్తాలి, కిటికీ అద్దం పగిలితే బిగించాలి, అయినా చేసినట్టు కనిపించకూడదు. స్వేజీ హోటల్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దానికి పెట్టిన ఊతాలు చూస్తే మీ రెండో ప్రశ్నకు జవాబు కళ్లముందే ఉంటుంది.

రంగులేసి బాగుచేస్తే ఎలా ఉంటుందో దక్షిణ కాలిఫోర్నియాలోని కాలికో వెండి గనుల ఊళ్లో చూడొచ్చు. 1950లలో వాల్టర్ నాట్ దాన్ని కొని, చాలా కట్టడాలను మళ్లీ కట్టించాడు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ అక్కడ ఏ పలక పాతదో, ఏది కొత్తదో తెలియదు. బోడీలో ఎండకు కాలి గోధుమరంగు తిరిగిన పలకను చూసి నమ్మొచ్చు. నాకు ఆ నమ్మకమే ముఖ్యం. అప్పటి కట్టడాల్లో నూటికి ఐదుకు మించి మిగల్లేదంటారు, అందుకే ఈ పట్టుదల.

కాపాడాల్సింది వానా మంచుల నుంచే కాదు. 1980ల చివర్లో ఊరి పక్క కొండనే మళ్లీ తవ్వాలని ఒక కంపెనీ చూసింది. 1994లో చట్టం తెచ్చి అడ్డుకున్నారు. ఇక సందర్శకుల సంగతి. మెథడిస్టు చర్చిలో పది ఆజ్ఞలు రాసిన గుడ్డ వేలాడేది, "దొంగిలించవద్దు" అన్న మాటతో సహా దాన్నే ఎవరో ఎత్తుకుపోయారు. చిన్న మేకు తీసుకెళ్లినవాళ్లు కూడా తర్వాత దురదృష్టం పట్టిందని ఉత్తరం రాసి తిరిగి పంపుతుంటారు. శాపం సంగతి ఎలా ఉన్నా పిల్లలకు ముందే చెప్పండి, గాజు పెంకు కూడా జేబులో వేసుకోకూడదని.

మీ ప్రయాణం గురించి. 395 హైవే నుంచి 270 రోడ్డు పట్టుకుంటే 13 మైళ్లు, చివరి మూడు మైళ్లు మట్టి రోడ్డు, కారు గడగడలాడుతుంది. పెట్రోలు, తిండి అక్కడ దొరకవు, బ్రిడ్జ్‌పోర్ట్‌లోనో లీ వైనింగ్‌లోనో చూసుకోండి. నీళ్లు ఎక్కువగా పెట్టుకోండి. ఎత్తుకు పెద్దవాళ్లకు ఆయాసం వస్తుంది, మెల్లగా నడిపించండి. చలికాలంలో మంచు వల్ల మామూలు కారుతో చేరలేరు, యోసెమిటీ మీదుగా వచ్చే టయోగా రోడ్డు కూడా మూసేస్తారు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకోండి. మిల్లు లోపలికి రేంజర్లతో వెళ్లే టూరు ఉంటే వదలొద్దు, మ్యూజియంలో అడిగితే ఆ రోజు వేళలు చెబుతారు.