అడగండి చెప్తాం: సీఎంసీ బదులు హెచ్‌పీఎంసీ వేయొచ్చా?

ప్రశ్న: సార్, ఎండాకాలం వస్తే పిల్లోళ్ల కోసం తోతాపురి గుజ్జుతో ఇంట్లోనే ఐస్‌క్రీమ్ చేస్తా. ఎప్పుడూ చిక్కబడేందుకు సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) పొడి వేసేదాన్ని. ఈసారి షాపాయన అది అయిపోయింది, ఇది తీస్కోపోమ్మా రెండూ సెల్యులోజే అని హెచ్‌పీఎంసీ (హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్) ఇచ్చినాడు. కాగే పాలల్లో వేస్తే కరగనే లేదు, తెల్లగా పైన తేలతా ఉండింది, విసుగొచ్చి అర లీటరు పాలూ పారబోసినా. తప్పు నాదా, పొడిదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అయ్యో, పారబోసేశారా! చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మధ్యమధ్యలో కలిపుంటే అదే చిక్కబడి ఉండేదమ్మా. షాపాయన చెప్పింది సగం నిజమే, రెండూ చెక్క గుజ్జు నుంచో పత్తి నుంచో తీసిన సెల్యులోజ్ అనే పీచు పదార్థంతో చేసేవే, కానీ వేడి తగిలితే ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా.

సీఎంసీ చన్నీళ్లలోనూ కరుగుతుంది వేడినీళ్లలోనూ కరుగుతుంది, వేడిగా ఉన్నంతసేపు పలచగా ఉండి చల్లారాక మళ్లీ చిక్కబడుతుంది. హెచ్‌పీఎంసీ అట్లా కాదు, వేడినీళ్లలో విడివిడిగా తేలుతుందే గానీ కరగదు, చల్లబడితేనే కరుగుతుంది, కరిగినదాన్ని మళ్లీ వేడి చేశామా, జెల్లీలా బిగుసుకుంటుంది. నమ్మకం లేకుంటే ఒక గ్లాసులో వంద మిల్లీలీటర్ల చన్నీళ్లకి రెండు గ్రాములు కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్నే ఆ గ్లాసుని మరిగిన నీళ్ల గిన్నెలో పెట్టి చూడండి, తేటగా ఉన్నది కాసేపటికి తెల్లగా మబ్బేసి గట్టిపడుతుంది, బయటికి తీసి చల్లారిస్తే మళ్లీ నీరు. నాకైతే ఇప్పటికీ గమ్మత్తుగానే ఉంటుంది.

ఐస్‌క్రీమ్‌కి మీ పాత సీఎంసీనే మేలు, పెద్ద పెద్ద ఐసు పలుకులు కట్టనీయదు. అర లీటరు పాలకి పావు టీస్పూను చాలు, నేరుగా వేస్తే ఉండ కడుతుంది కాబట్టి ముందు రెండు స్పూన్ల చక్కెరలో పొడిగా కలిపి అప్పుడు వెయ్యండి. పులుపెక్కువైతే దాని చిక్కదనం తగ్గుతుంది, తోతాపురి కొంచెం పుల్లనే కదా, గుజ్జు చివర్లో బాగా చల్లారినాక కలపండి, పాలూ విరగవు. హెచ్‌పీఎంసీకి పులుపన్నా ఉప్పన్నా పెద్ద లెక్కలేదు.

ఆ ప్యాకెట్ పారెయ్యకండి. రాగి పిండితోనో బియ్యప్పిండితోనో బ్రెడ్ చేసేవాళ్లకి అది బాగా పనికొస్తుంది, గోధుమలో ఉండే జిగురు వాటిలో ఉండదు, ఓవెన్ వేడికి ఇది బిగుసుకుని ఈస్ట్ గ్యాసుని లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రెడ్ కుంగిపోదు. సంగటికి ఏ పొడీ అక్కర్లేదనుకోండి, అది వేరే సంగతి.

అయితే ముందు ప్యాకెట్ మీద ఫుడ్ గ్రేడ్ అని, ఐఎన్‌ఎస్ 464 అని ఉందేమో చూడండి (తిండిలో కలిపే పదార్థాలకి ఇచ్చే గుర్తింపు నంబరు అది, సీఎంసీది 466). గోడల పుట్టీలో, టైల్స్ అంటించే పొడిలో కూడా హెచ్‌పీఎంసీ కలుపుతారు, అందుకే షాపాయన విడిగా కవర్లో కట్టిచ్చుంటే మాత్రం వంటింట్లోకి రానీయొద్దు.