కొత్త జబ్బా, పాత మాత్రా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. ఏడాదిన్నర కిందట తల తిరుగుతోందని చూపిస్తే సిన్నరిజైన్ మాత్రలు రాశారు. తల తిరగడం తగ్గిపోయినా, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఆమె ఆ మాత్రలు మానలేదు. ఆరు నెలలుగా రెండు చేతులూ వణుకుతున్నాయి, నడక బాగా మందగించింది, సంతకం చీమల బారులా చిన్నదైపోయింది. ఇటీవల చూసిన డాక్టరుగారు పార్కిన్సన్స్ జబ్బు కావచ్చని, మందులు మొదలుపెడదామని అన్నారు. ఇది వయసు వల్ల వచ్చినదేనని అనుకోవాలా?

జవాబు: ఇటీవల చూసిన డాక్టరుగారికి ఆ సిన్నరిజైన్ సంగతి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చాలా ఇళ్లలో చెప్పరు. ఏడాదికి పైగా వేసుకుంటున్న మాత్ర మందన్న సంగతే మరుగున పడిపోతుంది.

సిన్నరిజైన్, దాని కోవకే చెందిన ఫ్లూనరిజైన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, వికారానికీ తల తిరగడానికీ ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, ఇవన్నీ మెదడులో, కదలికలు సాఫీగా సాగేలా చూసే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకోగల మందులే. పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్‌ను తయారుచేసే కణాలు క్రమంగా నశిస్తాయి. ఈ మందుల విషయంలో డోపమైన్ ఉన్నప్పటికీ అది చేరవలసిన చోటును మందు ఆక్రమిస్తుంది. లోపల జరిగేది వేరైనా, బయటికి కనిపించే వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మదితనం దాదాపు ఒక్కలాగే ఉంటాయి కనుక, మందుల వివరాలు ఎదురుగా లేకపోతే అనుభవమున్న వైద్యులు కూడా పొరబడవచ్చు. వృద్ధుల్లో, అందులోనూ స్త్రీలలో, దీర్ఘకాలం వాడినవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మెటోక్లోప్రమైడ్ వాడకాన్ని 5 రోజులకు పరిమితం చేయడానికి నాడీవ్యవస్థపై పడే ఇలాంటి ప్రభావాలే ముఖ్య కారణం.

అసలైన పార్కిన్సన్స్ సాధారణంగా శరీరంలో ఒక పక్కనే మొదలవుతుంది. మందు వల్ల వచ్చేది రెండు పక్కలా కనిపించడం ఎక్కువ. మీ అమ్మగారికి రెండు చేతులూ వణుకుతున్నాయన్నారు. దీన్నిబట్టి తేల్చి చెప్పలేను, ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టడం తప్పు కూడా. కానీ కొత్త మందు మొదలుకాక ముందే పాత మందు సంగతి తేలాలని మాత్రం గట్టిగా చెబుతాను. ఒక మందు తెచ్చిన బాధను కొత్త జబ్బుగా భావించి రెండో మందు, దాని దుష్ఫలితానికి మూడో మందు చేరడం పెద్దవారిలో తరచూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధపడుతున్నాను.

ఒక కాగితం మీద ఏ మందు ఏ నెలలో మొదలైందో ఒక వరసలో, ఏ బాధ ఏ నెలలో మొదలైందో దాని పక్క వరసలో రాయండి. చీటీ లేకుండా కొన్నవి కూడా అందులో ఉండాలి. ఖాళీ స్ట్రిప్పులతో సహా ఆ కాగితం తీసుకెళ్లి, "ఈ వణుకు ఈ మాత్ర వల్ల కావచ్చా?" అని సూటిగా అడగండి, మొహమాటపడవద్దు. డాక్టరుగారు మాత్ర ఆపించినా వణుకు తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది కనుక, పది రోజుల్లో గుణం కనిపించలేదని నిరాశపడకండి. కొందరిలో అసలు తగ్గదు. అప్పుడు లోపల దాగి ఉన్న పార్కిన్సన్స్‌నే ఆ మందు ముందుగా బయటపెట్టి ఉండవచ్చు, దానికి చికిత్స అవసరమే.

ప్రశ్న: బీపీకి రామిప్రిల్ వాడుతున్నాను. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు ఆరు వారాలుగా పొడి దగ్గు. ఎక్స్‌రే బాగానే ఉంది, రెండు సీసాల దగ్గు మందు తాగినా గుణం లేదు. ఇన్నాళ్లూ పడిన మాత్ర ఇప్పుడు పడకుండా పోతుందా?

జవాబు: పోతుంది. ఈ కోవ మందులు బ్రాడీకైనిన్ అనే పదార్థం విచ్ఛిన్నం కాకుండా ఆపుతాయి. అది శ్వాసనాళాల్లో పేరుకుని దగ్గు పుట్టిస్తుంది. ఆ దగ్గు మొదటి మాత్ర వేసుకున్న కొద్ది గంటల్లోనూ రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. అయితే మీ అంతట మీరు మానేస్తే బీపీ పెరుగుతుంది కనుక, మార్చమని డాక్టరుగారిని అడగండి. లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి వాటితో ఈ దగ్గు రావడం చాలా తక్కువ. మార్చాక సాధారణంగా 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది, కొందరికి 3 నెలల దాకా పట్టవచ్చు. ఈలోగా పెదవులు, నాలుక, ముఖం వాచినా, గొంతు బిగిసినట్టు అనిపించినా ఆ మాత్ర మళ్లీ వేసుకోకుండా, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.